అరవింద్ కంటి ఆసుపత్రి కేసు: తలకి నాలుగొందలు పెట్టి కొనాలా?

ఎంబీఏ వాళ్లకి పాఠం చెప్పే టీచర్ల కోసం రాస్తున్న రివ్యూ ఇది. ముందే చెప్పేస్తాను: కొనండి. కాకపోతే సెమిస్టరంతా ఇలాంటివే కొని నింపేయాలనుకుంటే మాత్రం వద్దు.

కొన్నది ఏంటంటే, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1993లో వెలువరించిన అరవింద్ కంటి ఆసుపత్రి కేసు. కేసంటే కోర్టు కేసు కాదు, కేసు స్టడీ: ఒక నిజమైన సంస్థ కథ, అంకెలు ఇచ్చి క్లాసులో చర్చించే పాఠం. రాసింది అక్కడి ప్రొఫెసర్ వి. కస్తూరి రంగన్. మదురైలో ఆ ఆసుపత్రి 1992 నాటికి ఎలా నడుస్తోందన్నది విషయం. నేను గుంటూరు పక్కన ఒక కాలేజీలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ (సంస్థలో రోజువారీ పని ఎలా నడపాలో చెప్పే సబ్జెక్టు) చెబుతాను. మా పిల్లల్లో సగానికి పైగా బీకామ్ నుంచి వచ్చినవాళ్లు, మిగతావాళ్లు బీటెక్ అయ్యాక ఉద్యోగం దొరక్క వచ్చినవాళ్లు. చాలామందికి ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కింది తామే. రెండో ఏడాది వాళ్లకి ఈ కేసు పెట్టడం కొన్ని సెమిస్టర్లుగా నడుస్తోంది. నాలాంటి కాలేజీలో పనిచేసేవాళ్లని దృష్టిలో పెట్టుకునే మాట్లాడతాను. ఐఐఎం వాళ్ల గొడవ వేరు.

మా పిల్లలకి కేసు స్టడీ అంటే తెలియక కాదు. పరీక్ష పేపర్లో చివర్న తప్పనిసరి ప్రశ్న ఒకటి ఉంటుంది, పావు పేజీ. రమేష్ అనే ఆయన ఒక కంపెనీలో మేనేజరు. ఈమధ్య అమ్మకాలు పడిపోయాయి. వర్కర్లు అసంతృప్తిగా ఉన్నారు. మీరు రమేష్ అయితే ఏం చేస్తారు? ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో ఉండదు. అమ్మకాలు ఎంత పడ్డాయో ఉండదు. జవాబు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది: మోటివేషన్ పెంచాలి, కమ్యూనికేషన్ బాగుండాలి, ట్రైనింగ్ ఇవ్వాలి. ఏ కంపెనీకైనా అదే మందు. మార్కులు పడిపోతాయి. ఇలా రాయడం అలవాటైన పిల్లల చేతిలో ఇరవై పేజీల పైచిలుకు కాగితాలు పెట్టి, వెనకాల పట్టికలు చూపించి, ‘ఇప్పుడు చెప్పండి’ అంటే మొదట వచ్చేది జవాబు కాదు, టెన్షన్.

కొనే పద్ధతి పెద్ద కష్టమేం కాదు. హార్వర్డ్ వాళ్ల ప్రచురణ సంస్థ సైట్‌లో టీచర్లకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. మనం నిజంగానే టీచరుమని వాళ్లు చూసుకున్నాక, కేసుని ముందుగా ఉచితంగా చదివి చూసుకోనిస్తారు. చాలా కేసులకి టీచింగ్ నోట్ (క్లాసులో ఎలా నడపాలో టీచరుకి చెప్పేది) కూడా ఉంటుంది, అది స్టూడెంట్లకి అమ్మరు. నచ్చితే కోర్స్‌ప్యాక్ (క్లాసుకి కావాల్సిన పాఠాల కట్ట) తయారుచేసి ఎంతమంది ఉంటే అన్ని కాపీలకి డబ్బు కట్టాలి. ధర డాలర్లలో ఉంటుంది, మారుతూ ఉంటుంది. మేం కొన్నప్పుడు తలకి నాలుగొందల దగ్గర పడింది. అరవై మంది క్లాసు అనుకుంటే ఇరవై నాలుగు వేలు.

ఈ లెక్క చెప్పగానే మా ఆఫీసులో వచ్చిన మొదటి మాట, ‘ఒకటి కొని జిరాక్స్ తీయించండి మేడమ్’ అని. కుదరదు. కాపీ కాపీకీ లైసెన్సు. బిజినెస్ ఎథిక్స్ పేపరు కూడా మా డిపార్ట్‌మెంటే చెబుతుంది, ఆ క్లాసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? చివరికి సగం కాలేజీ, సగం పిల్లలు పెట్టుకునేలా ఒప్పించాను. ‘ఒక బిర్యానీ పోయింది మేడమ్’ అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. నిజమే, ధర దాదాపు అంతే.

ఇక అసలు సరుకు సంగతి. మామూలుగా కేసులు ఫలానా మేనేజరు కిటికీలోంచి చూస్తూ ఆలోచనలో పడ్డాడు అన్నట్టు మొదలవుతాయి. ఇది అలా ఉండదు. రాసినాయన పొద్దున్న ఏడింటికే ఆసుపత్రికి చేరి, అవుట్ పేషెంట్ల వరసలు చూస్తూ, డబ్బు కట్టేవాళ్ల ఆసుపత్రి, ఉచిత ఆసుపత్రి రెండూ తిరుగుతూ చెప్పుకుపోతాడు. పిల్లలకి ఇంగ్లీషు బరువనిపించినా ఈ మొదటి పేజీలు మాత్రం చదివేస్తారు, ఎందుకంటే ప్రభుత్వాసుపత్రి ఓపీ లైను వాళ్లకి కొత్త కాదు. కథ కూడా పట్టుకునేదే. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరయ్యాక, 58 ఏళ్ల వయసులో, 1976లో 11 పడకలతో మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన మనిషి, ఆ వేళ్లతోనే కంటి ఆపరేషన్లు చేశారు. 1992కల్లా అరవింద్‌లో 3 లక్షలకు పైగా శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి, వాటిలో దాదాపు 70 శాతం ఉచితం. కట్టగలిగినవాళ్లు కట్టిన డబ్బే మొత్తాన్ని నడిపిస్తోంది.

ఇక్కడే క్లాసు రెండుగా చీలిపోతుంది. ‘అట్టా ఎట్టా కుదురుద్ది మేడమ్, వందలో డెబ్బై మందికి ఫ్రీగా చేస్తే ఎక్కడో దొంగలెక్క ఉండాల’ అనే బ్యాచి ఒకటి. ‘డొనేషన్లు వస్తాయిలే’ అనే బ్యాచి ఇంకొకటి. ఇద్దరినీ పట్టికల దగ్గరికి తోలాలి. ఈ కేసు డబ్బులు గిట్టుబాటయ్యేది అక్కడే.

ఆపరేషన్ థియేటర్లో ఒక్కో సర్జన్‌కి రెండు టేబుళ్లు. ఒకదాని మీద ఆపరేషన్ జరుగుతుంటే రెండోదాని మీద ఇంకో రోగిని పడుకోబెట్టి, కన్ను శుభ్రం చేసి, అంతా సిద్ధం చేసి ఉంచుతారు. ఒకటి అవగానే సర్జన్ మైక్రోస్కోప్‌ని ఇటు తిప్పుకుంటాడు. బోర్డు మీద లెక్క కోసం నేను గుండ్రటి అంకెలు తీసుకుంటాను: ఆపరేషన్‌కి 10 నిమిషాలు, సిద్ధం చేయడానికి 10 నిమిషాలు. ఒకే టేబులైతే గంటకి ముగ్గురు. రెండు టేబుళ్లయితే ఆరుగురు. సర్జన్ జీతం మారలేదు, పని వేగం పెంచమని ఎవరూ అరవలేదు, ఒక టేబులు, ఇద్దరు నర్సులు పెరిగారంతే. మరి మూడో టేబులు పెడితే తొమ్మిదా? సగం క్లాసు అవునంటుంది. సర్జన్ చెయ్యి ఇప్పటికే గంటంతా ఖాళీ లేదుగా, మూడో టేబులు మీద మనిషి ఊరికే పడుకుని ఉంటాడు అని ఒక్కరికి వెలుగుతుంది, ఆ ఒక్కరు మిగతావాళ్లకి తెలుగులో గట్టిగా చెప్పేస్తారు. బాటిల్‌నెక్ (మొత్తం పని వేగాన్ని ఆపే ఇరుకు చోటు) అనే చాప్టరుని నేను పవర్‌పాయింట్‌తో చెప్పినన్నాళ్లూ ఇలా తిరగబడి వాదించుకోవడం చూడలేదు.

అన్నట్టు చర్చ తెలుగులోనే జరగనిస్తాను. ఇంగ్లీషులో మాట్లాడమంటే ముందు బెంచీల్లో ఆరుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. రాతపని మాత్రం ఇంగ్లీషులో. ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లకి ఈ పద్ధతి నచ్చదు, నాకు వాళ్ల గోల పట్టదు.

నర్సుల భాగం దగ్గర ఆడపిల్లలు అందుకుంటారు. పల్లెటూళ్ల నుంచి ఇంటర్ వయసు అమ్మాయిలని తీసుకుని, తర్ఫీదు ఇచ్చి, చూపు పరీక్షల నుంచి థియేటర్ పని దాకా వాళ్లతో చేయించడం అరవింద్ పద్ధతిలో కీలకం. ఖర్చు తగ్గడానికి అదొక పెద్ద కారణం. ‘ఇది అవకాశం ఇచ్చినట్టా, చవగ్గా పని చేయించుకున్నట్టా?’ అని వినుకొండ వైపు నుంచి వచ్చే అమ్మాయి అడిగింది. దానికి నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు, టీచింగ్ నోట్లోనూ వెతకలేదు. అరగంట వాదన నడిచింది. మగపిల్లలు ‘సర్వీసు’ అన్నారు, ఆడపిల్లలు జీతం, సెలవులు, డ్యూటీ గంటలు అన్నారు.

శిబిరాల సంగతి మరీ బాగుంటుంది. ఊళ్లలో కంటి పరీక్షల శిబిరం పెట్టి, ఆపరేషన్ అవసరమైనవాళ్లని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, చేసి, మళ్లీ ఊరికి చేరుస్తారు. అయినా రానివాళ్లు ఉంటారు. ఎందుకు? దారి ఖర్చు, తోడొచ్చే మనిషి లేకపోవడం, ఆపరేషనంటే భయం, ఇంకా కొంచెం కనపడుతోందిగా అన్న ధీమా. మా క్లాసులో ఇవేవీ పుస్తకం చూసి చెప్పక్కర్లేదు. నాయనమ్మ పక్కన ఎవరుండాలన్నదాని మీద ఇంట్లో జరిగిన గొడవలు, మిరపకోతల సీజన్లో కూలి వదులుకుని ఆసుపత్రికి ఎవరు వెళతారన్న లెక్కలు పిల్లలే చెబుతారు. ‘ఉచితం’ అన్నదానికి కూడా ఖరీదుంటుందని మార్కెటింగ్ టెక్స్ట్‌బుక్ ఎక్కడో ఒక లైన్లో చెబుతుంది. ఇక్కడ అది నోట్సు లేకుండానే బయటికొస్తుంది.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక లోపాలు.

పెద్ద లోపం వయసు. 1992 నాటి కథ ఇది. అప్పట్లో ఎక్కువగా శుక్లాన్ని పొరతో సహా తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. కంట్లోనే లెన్సు పెట్టే పద్ధతి వస్తోంది, కానీ దిగుమతి లెన్సు ఖరీదు పేదవాళ్లకి ఉచితంగా పెట్టేంత తక్కువ కాదు. ఆసుపత్రి ఏం చేయాలన్నది కేసులో మంచి చిక్కుముడి. సర్జన్‌కి పట్టే సమయం, లెన్సు ధర, నాణ్యత మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. కానీ ఈ చిక్కుముడి ఫోను తీస్తే విడిపోతుంది. 1992లోనే వాళ్లు ఆరోల్యాబ్ అని సొంత కర్మాగారం పెట్టి, దిగుమతి ధరలో చిన్న వంతుకే లెన్సులు తయారుచేశారు. గూగుల్ చేసిన పిల్లాడు ‘ఫ్యాక్టరీ పెట్టాలి’ అని మొదటి నిమిషంలోనే చెప్పేసి చేతులు కట్టుకుంటాడు. ఫోన్లు టేబుల్ మీద పెట్టించడం వల్ల కొంత ఉపయోగం ఉంది గానీ, ముందురోజు రాత్రే చూసుకుని వచ్చినవాణ్ణి ఏం చేస్తాం? నేను ప్రశ్న తిప్పేశాను. ‘ఫ్యాక్టరీ పెట్టారు సరే. బ్యాంకు మేనేజరువి నువ్వు. ఆసుపత్రి నడిపేవాళ్లు లెన్సుల ఫ్యాక్టరీ పెడతామని అప్పుకొస్తే ఏ నాలుగు కాగితాలు అడుగుతావు?’ అప్పుడు గూగుల్ పనిచేయదు.

రెండో లోపం, భక్తి. రాసినాయన హద్దులోనే ఉన్నారు గానీ, చదివేవాళ్లు ఉండరు. ‘ఆయన దేవుడు మేడమ్’ అనేసరికి ఇక విశ్లేషణ నడవదు. మనిషి గొప్పవాడు కాబట్టి జరిగింది అనుకుంటే ఆపరేషన్స్ క్లాసు ఎందుకు, పుణ్యకథ చాలు. దీనికి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది: ‘డాక్టర్ వెంకటస్వామి 2006లో పోయారు. ఆసుపత్రి ఆగిందా?’ ఆగలేదు, పెరిగింది. అయితే ఆయన గుణంలో లేనిది, పద్ధతిలో ఉన్నది ఏంటో పట్టుకురండి అంటాను. కేసులో ఈ భాగం లేదు, టీచరే తగిలించుకోవాలి.

మూడోది నిడివి. హార్వర్డ్‌లో రెండేళ్లలో 500 పైచిలుకు కేసులు చదువుతారు, క్లాసు 80 నిమిషాలు, మార్కుల్లో పెద్ద వాటా క్లాసులో మాట్లాడినదానికే. మనకి 50 నిమిషాల పీరియడ్, ఇంటర్నల్స్, ల్యాబు, మధ్యలో కాలేజీ ఫెస్ట్. ఇరవై పేజీలు ఇంట్లో చదువుకు రమ్మంటే చదివేది పదిమంది. మొదట్లో కేసులు ఇంత పొడుగు లేవు కూడా. హార్వర్డ్‌లో న్యాయవిద్యకి లాంగ్‌డెల్ 1870లో కేసులతో చెప్పే పద్ధతి తెచ్చాడు. 1908లో పెట్టిన బిజినెస్ స్కూల్‌కి 1919లో డీన్‌గా వచ్చిన డోనమ్ కూడా లా చదివినవాడే. ఆయన పట్టుపట్టి కేసులు రాయిస్తే 1921లో వచ్చిన మొదటిది, జనరల్ షూ కంపెనీ మీద, ఒక్కటంటే ఒక్క పేజీ. చెప్పుల కంపెనీలో పని వేళ అయిపోకముందే వర్కర్లు పని ఆపేస్తున్నారు, ఎందుకు, ఏం చేయాలి? అంతే కథ. మా పిల్లలకి మొదటి నెలలో అలాంటి ఒక పేజీ సైజువి నేనే రాసి ఇస్తాను, మిర్చి యార్డు మీద, బస్టాండ్ పక్క జ్యూస్ షాపు మీద. అరవింద్ కేసు ఆ తర్వాతే.

పొడుగు తట్టుకోవడానికి ఇంకో ఏర్పాటు: క్లాసుని గ్రూపులుగా చేసి ఒక్కో గ్రూపుకి ఒక్కో పట్టిక అప్పజెబుతాను. కథ అందరూ చదవాలి, అంకెలకి మాత్రం ఆ గ్రూపే దిక్కు. తమ పట్టికలో అంకె ఇంకొకళ్లు తప్పు చెబితే ఊరుకోరు.

టీచింగ్ నోట్ గురించి రెండు మాటలు. కొత్త టీచర్లకి నిజంగా విలువైనది అదే. ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత, బోర్డు ఎలా పంచుకోవాలి, ఎక్కడ చర్చ పక్కదారి పడుతుంది అన్న ఆలోచన అలవాటవుతుంది. కాకపోతే దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తే క్లాసు చచ్చిపోతుంది. అందులో ఊహించుకున్న స్టూడెంట్లు వేరు. వాళ్లకి రూపాయల్లో ఫీజులు, కులాల వారీగా విడిపోయిన ఊళ్లు, కూలిరేట్లు వివరించాల్సి ఉంటుంది. మనవాళ్లకి వివరించాల్సినవి యూనిట్ కాస్ట్ (ఒక్కోదానికి పడే ఖర్చు), కెపాసిటీ యుటిలైజేషన్ (ఉన్న సామర్థ్యంలో ఎంత వాడుతున్నాం).

‘మన హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కూడా ఇంతే కదా మేడమ్’ అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థా కట్టగలిగినవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకి ఉచితంగా చేస్తుంది. కానీ దారి వేరు. అరవింద్ మొదటి దశలో శిబిరాలు పెట్టి రోగిని పెద్దాసుపత్రికి తెచ్చింది. ఎల్వీ ప్రసాద్ వాళ్లు పిరమిడ్‌లా కట్టారు: కింద ఊళ్లలో విజన్ సెంటర్లు (చిన్న కంటి పరీక్ష కేంద్రాలు), వాటిపైన ముధోల్ లాంటి చోట చిన్న ఆసుపత్రులు, పైన పెద్దవి. తర్వాత అరవింద్ కూడా విజన్ సెంటర్లు పెట్టింది. ఈ రెండిటినీ పోల్చి రాయమనడమే నా అసైన్‌మెంట్. ఒకరి దగ్గర చూసి ఇంకొకరు రాసే అసైన్‌మెంట్లలో ఇదొక్కటే కొంచెం మినహాయింపు, ఎందుకంటే చాలామంది ఇంట్లో ఎవరో ఒకరిని ఏదో ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లే.

డబ్బు పెట్టడం కుదరని కాలేజీలకి వేరే దారులున్నాయి. ఎంఐటీ స్లోన్ స్కూల్ వాళ్లు కొన్ని కేసులు ఉచితంగానే ఇస్తారు. ఇంగ్లండ్‌లోని కేస్ సెంటర్ సైట్‌లోనూ ఉచితంగా దొరికేవి ఉన్నాయి. మన హైదరాబాద్‌లోనే ఐబీఎస్ బిజినెస్ స్కూల్ వాళ్ల కేసు రిసెర్చ్ సెంటర్ ఎప్పటినుంచో కేసులు తయారుచేస్తోంది. భారతీయ కంపెనీల స్ట్రాటజీ చెప్పడానికి అవి పనికొస్తాయి, చదవడానికీ తేలిక. అయితే వాటిలో చాలావరకు పత్రికల్లో, వార్షిక నివేదికల్లో వచ్చిన సమాచారంతో రాసినవి. టేబుల్ మీద రోగి ఎంతసేపు ఉన్నాడు, నర్సు ఎక్కడ నిలబడింది లాంటివి లోపలికెళ్లి చూసినవాళ్లే రాయగలరు. ఆపరేషన్స్‌కి అదే కావాలి. అహ్మదాబాద్ ఐఐఎం 1961లో పుట్టిందే హార్వర్డ్ సాయంతో, కేసులతో చెప్పడం అక్కడ మొదటినుంచీ ఉంది. వాళ్ల కేసుల జాబితా కూడా ఒకసారి చూడండి.

రెండోది కొనే స్తోమత ఉంటే ముంబైలో ఆఫీసులకి భోజనం క్యారేజీలు చేరవేసే డబ్బావాలాల మీద 2010లో స్టెఫాన్ తోమ్కే రాసిన హార్వర్డ్ కేసు తీసుకోండి. సరదాగా సాగుతుంది, లోకల్ రైలు టైమింగే బాటిల్‌నెక్ ఎలా అవుతుందో, మూత మీద రంగుతో వేసిన గుర్తులు ఎలా పనిచేస్తాయో కళ్లకి కడుతుంది. ఒక్క జాగ్రత్త. ఫోర్బ్స్ వాళ్లు డబ్బావాలాలకి సిక్స్ సిగ్మా (తప్పులు దాదాపు లేనంత నాణ్యత) సర్టిఫికెట్ ఇచ్చారని వాట్సాప్‌లో తిరిగే మాటని పిల్లలు పట్టుకొస్తారు. ఫోర్బ్స్ ఒక పత్రిక, సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసు కాదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది, తప్పుల్ని ఎవరు లెక్కపెట్టారు అని అడిగి క్వాలిటీ చాప్టర్ అక్కడే మొదలుపెట్టొచ్చు.

అరవింద్ కేసుకి నా రేటింగ్ ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్కటీ వయసుకి. పెట్టేవాళ్లు రెండు పీరియడ్లు వరసగా దొరికేలా టైమ్‌టేబుల్ చూసేవాళ్లతో ముందే మాట్లాడుకోండి, వీలైతే పొద్దున పూట. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెడితే మైక్రోస్కోప్ ఇటు తిరిగేసరికి సగం క్లాసు నిద్రపోతుంది. మొదటి సెమిస్టర్ వాళ్లకి మాత్రం పెట్టకండి, యూనిట్ కాస్ట్ రానివాళ్లకి ఇది మంచి డాక్టరు కథగానే మిగిలిపోతుంది, దానికి నాలుగొందలు ఎక్కువ.